ఎండ కాస్తుండగా సరంగు బోటు తిప్పేశాడు. డబ్బులు వెనక్కి అడగొచ్చా?

గేలం_గిరి
మొన్న ఆదివారం భీమిలిలో ఫైబర్ బోటు మాట్లాడుకుని అయిదుగురం వేటకెళ్ళాం. జూన్ 14తో నిషేధం అయిపోయింది కదా, బాగా పడతాయని ఆశ. పొద్దున అయిదు నుంచి సాయంత్రం అయిదు దాకా, పన్నెండు వేలని మాట. ముందురోజు రాత్రి విండీ వాతావరణ యాప్ చూశాను. నైరుతి గాలి 12-14 నాట్లు, వాన దాదాపు లేదు. వాతావరణ శాఖ మత్స్యకారులకిచ్చే హెచ్చరిక కూడా ఉత్తరకోస్తాకి లేదు.

ఉత్తరాన తీరంలో ఉన్న చింతపల్లి వైపుగా పోయి ఇరవై బారల లోతులో ఆగాం. పదకొండు దాకా రెండు పారలు, ఒక సూర, అంతే. తర్వాత ట్రోలింగ్‌లో (కదిలే బోటు వెనక ఎర లాగుతూ) మంచి కోనాం ఒకటి పడింది. వెంటనే ఇంకోటి తగిలి తాడు తెంపుకుపోయింది. గుంపు మా కిందే ఉంది. సరిగ్గా అప్పుడు సరంగు బీడీ ముట్టించి, అటూ ఇటూ చూసి, "గాలి సచ్చిపోనాది బాబూ, ఎల్లిపోదాం" అన్నాడు. అప్పుడు పన్నెండు. ఎండ పెళపెళలాడుతోంది. ఎంత బతిమాలినా వినలేదు. ఒంటిగంటం పావుకి ఒడ్డున దించేశాడు. భీమిలిలో సాయంత్రం దాకా చినుకు పడలేదు! సగం డబ్బులు అడిగితే నవ్వి ఊరుకున్నాడు. అడగడం తప్పా?

నెత్తళ్ళ_వేపుడు
బయల్దేరేటప్పుడు ఇంట్లో ఎవరో "ఎక్కడికీ?" అని అడిగుంటారు. ఇంకేం పడతాయి.

గేలం_గిరి
@నెత్తళ్ళ_వేపుడు మా అత్తగారు అడిగింది. ఆ సంగతి ఇక్కడ వద్దు.

డీజిల్_లెక్క
అడగాల్సిందే. నేనూ వైజాగ్‌లో ఇలాగే పోయాను. మధ్యాహ్నం అయ్యేసరికి వీళ్ళకి ఒడ్డు గుర్తొస్తుంది. సగం రోజులో ముగిస్తే సగం ఆయిలు మిగులు, డబ్బు మాత్రం పూర్తి. మబ్బు వంక ఎప్పుడూ దొరుకుతుంది.

లెక్కల_మాస్టారు
గిరిగారూ, మబ్బులు ఎటువైపు ఉన్నాయి? కొండలవైపా, సముద్రం వైపా? ఒడ్డుకి ఎంత దూరంలో ఉన్నారు?

గేలం_గిరి
పడమర, వాయవ్యం. కొండల మీద తెల్లగా ఒక పెద్ద మబ్బు, పైన బల్లపరుపుగా పరుచుకుని ఉంది. మా నెత్తిన మాత్రం నీలాకాశం. జీపీఎస్‌లో భీమిలికి 16 కిలోమీటర్లు.

లెక్కల_మాస్టారు
అయితే ఒక చిన్న లెక్క. 9.9 హార్స్ పవర్ మోటారుతో ఆరుగురు ఎక్కిన ఫైబర్ బోటు ఏడు నాట్లు పోతుందనుకుందాం, అంటే గంటకి 13 కిలోమీటర్లు. మీకు గంటం పావు పట్టింది, సరిపోయింది. ఆ మబ్బు శృంగవరపుకోట మీద ఉందనుకోండి, భీమిలికి సుమారు 40 కిలోమీటర్లు. ఉరుముల మబ్బు గంటకి 30 కిలోమీటర్లు కదలడం మామూలే. అది తీరానికి రావడానికి గంటా ఇరవై నిమిషాలు. పన్నెండింటికి బయల్దేరితే అయిదు నిమిషాలు మిగులు. పన్నెండుంపావుకి బయల్దేరితే లోటు. ఇంకో కోనాం పట్టుకుని పోదాం అనడానికి అందులో చోటెక్కడుంది?

డీజిల్_లెక్క
మాస్టారూ, మబ్బు భీమిలికే వస్తుందని ఎవరు చెప్పారు? రాలేదు కదా. లెక్క బాగుంది, జవాబు తప్పు.

వాయుగుండం
ఆదివారం రాడార్ బొమ్మలు నేను చూస్తూనే ఉన్నాను (సెలవురోజు నా పనే అది). వైజాగ్ డాప్లర్‌లో ఆ మబ్బు భోగాపురం పైనుంచి చింతపల్లి దగ్గర సముద్రంలోకి దిగింది, ఒంటిగంటన్నర ప్రాంతంలో. భీమిలికి ఉత్తరంగా జారిపోయింది. అంటే గిరి వాళ్ళు చేపలు పట్టిన చోటు మీదుగానే.

గేలం_గిరి
అది నిజమైతే బొమ్మ పెట్టు.

వాయుగుండం
ఆ సైట్‌లో పాత బొమ్మలు ఉండవు బాసూ, కొత్తవి వచ్చేకొద్దీ పోతాయి. నమ్మితే నమ్ము. ఒడ్డున దిగాక ఉత్తరం వైపు చూశావా?

గేలం_గిరి
నల్లగా ఉంది. ఒప్పుకుంటా. దూరం అనుకున్నా.

డీజిల్_లెక్క
మబ్బు అటు పోయిందని సాయంత్రం తెలిసింది. పన్నెండింటికి సరంగుకి తెలుసా? అతనికి రాడార్ లేదు కదా. తగిలింది కాబట్టి గొప్పవాడు, లేకపోతే మోసగాడు, అంతేనా?

సరంగు_మనవడు
నేను చెప్తాను. మా తాత మరపడవ నడిపాడు, మా మేనమామ ఇప్పటికీ ఫైబర్ తోల్తాడు. గాలి పడిపోతే ఏటవుతాదో వాడలో పదేళ్ళ కుర్రాడికీ తెలుసు. ఈ రోజుల్లో మాకు నైరుతి రోజంతా ఒకే ఊపులో తోస్తాది. మధ్యాహ్నం ఇంకాస్త పెరగాలి. పెరగాల్సిన టైములో చచ్చిపోయిందంటే కొండ మీద పెద్దది లేచింది, ఇక్కడి గాలిని లాగేసుకుంటోంది. మీ సరంగు బీడీ ముట్టించింది సరదాకి కాదు. పొగ ఎటు పోతాదో చూశాడు. నిటారుగా పైకి పోయుంటాది.

గేలం_గిరి
నిటారుగా పోయిందో వంకరగా పోయిందో నేను గేలం చూస్తున్నా, పొగ కాదు.

సరంగు_మనవడు
తర్వాత వచ్చే మెట్టు వాసన. పది పదిహేను కిలోమీటర్ల లోపల ఉన్నా సరే, సముద్రం మధ్యలో తడిమట్టి వాసన వస్తాది. ఒక్కసారి చల్లగా ఒంటికి తగుల్తాది. అప్పటికి ఇంక అయిదు పది నిమిషాలే. ఆ వాసన వచ్చాక ఇంజను తిప్పే సరంగు చేతకానోడు. వాసన రాకముందే తిప్పినోడు సరంగు.

వాయుగుండం
మనవడు చెప్పిందానికి శాస్త్రం కూడా అదే. మబ్బులోంచి వాన దిగేటప్పుడు దాంతో పాటు చల్లగాలి బరువుగా కిందికి పడుతుంది, నేలను తాకి అన్ని వైపులకీ పరుచుకుంటుంది. వాన కంటే చాలా ముందు, ఒక్కోసారి పదిహేను ఇరవై కిలోమీటర్ల ముందు ఉరుకుతుంది. అది తడిసిన నేల మీంచి వస్తుంది కాబట్టి మట్టి వాసన. అది తగిలిన చోట గాలి దిశ ఒక్క నిమిషంలో తిరగబడుతుంది. 5 నాట్లు ఉన్నది 35కి పోతుంది.

ఇప్పుడు విండీ సంగతి. అందులో మనం చూసే మోడళ్ళు యూరప్‌ది 9 కిలోమీటర్ల గళ్ళు, అమెరికాది అంతకంటే వెడల్పు. ఒక ఉరుముల మబ్బు మొత్తం ఆ గడిలో ఇమిడిపోతుంది. గాలి 12 నాట్లు అని చూపిస్తే అది ఆ గడి మొత్తానికీ సగటు. వాయుగుండం, తుఫాను లాంటివి మూడు నాలుగు రోజుల ముందే బాగా చెప్తుంది. ఏ గంటకి ఏ ఊరి మీద మబ్బు పగుల్తుందో అడిగితే దానికి తెలీదు.

నెత్తళ్ళ_వేపుడు
నీ పేరే వాయుగుండం. నిన్ను నమ్మి ఎవరు సముద్రంలోకెళ్తారు?

జాలరిపేట_పిల్ల
డీజిల్_లెక్క గారికి ఒక మాట. గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు కొడితే ఏమవుతుందో ఊహించారా? సముద్రంగాలి అయితే ఎంత పెద్దదైనా చివరికి ఒడ్డుకే తోస్తుంది. కొండవైపు గాలి లోపలికి తోస్తుంది. ఒడ్డు దగ్గర అల చిన్నగానే ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ పెరుగుతుంది. చిన్న మోటారు ముక్కుతూ మూలుగుతూ ముందుకు పోతున్నట్టే ఉంటుంది, ఒడ్డున పావురాలకొండ మాత్రం దగ్గరవదు. మా నాన్న అలా ఒక రాత్రంతా ఉండిపోయారు. ఆయిలు అయిపోతుందని మోటారు ఆపేసి, లంగరు తాడు చివర వల మూట కట్టి ముందునుంచి నీళ్ళలో వదిలారట, పడవ ముక్కు గాలికి ఎదురుగా నిలవడానికి. తెల్లారి గాలి తగ్గాక వచ్చారు. అమ్మ ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు.

ఆయన ఇప్పటికీ అనేదొకటే, చేప పడేటప్పుడు లేవడం కష్టం అని. చేప పడనప్పుడు ఎవడైనా తిరిగొస్తాడు.

డీజిల్_లెక్క
అక్కా, మీ నాన్నగారి సంగతి వేరు, అది ఆయన వేట. ఇక్కడ గిరి కిరాయి కట్టాడు. గంటలకి డబ్బు తీసుకున్నప్పుడు గంటలు ఇవ్వాలి, లేకపోతే డబ్బివ్వాలి. ప్రాణం విలువ నాకూ తెలుసు. నేను అడిగేది ముందే ఎందుకు చెప్పలేదని.

హ్యూస్టన్_రావు
ఇక్కడ గాల్వెస్టన్‌లో అదంతా కాగితం మీదే ఉంటుంది. చార్టర్ బోటు బుక్ చేసుకునేటప్పుడే సంతకం పెట్టిస్తారు: తుది నిర్ణయం కెప్టెన్‌ది. ముందురోజు స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ (చిన్న పడవలకి హెచ్చరిక) వచ్చి కెప్టెన్ రద్దు చేస్తే డబ్బు మొత్తం వెనక్కి, లేకపోతే ఇంకో తేదీ. రాళ్ళ గట్టు దాటి బయటికి పోయాక వాతావరణం తిరగబడి వెనక్కొస్తే మాత్రం పైసా రాదు. పోయినేడు మేము రెడ్ స్నాపర్ కోసం వెళ్ళి రెండు గంటలు కుదుపుల్లో పడి, గేలం ముంచకుండా వెనక్కొచ్చాం. పది మందిలో ఏడుగురు వాంతులు. కెప్టెన్‌కి టిప్పు కూడా ఇచ్చాం.

నెత్తళ్ళ_వేపుడు
వాంతి చేయించినందుకు టిప్పా! రావుగారూ మీరు అక్కడే ఉండండి.

హ్యూస్టన్_రావు
ఇంకో విషయం, మా కెప్టెన్ బోటులో అరటిపండు కనిపిస్తే ఊరుకోడు. అరిష్టమట. మా ఆవిడ ఇచ్చిన డజను అరటిపండ్లు గట్టు మీదే పెట్టించాడు. ఇంట్లో "ఎక్కడికీ" అనడానికి ఇది అన్నగారు.

జంగ్లీఘాట్_బాబు
అండమాన్‌లో మాకు అరటిపండు గొడవ లేదు కానీ వాన గోడ ఉంది. మా వాళ్ళంతా శ్రీకాకుళం, విశాఖ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళే, జంగ్లీఘాట్‌లో చాలామంది తెలుగే మాట్లాడతారు. ఇక్కడ దీవి అవతల ఏముందో కనపడదు. దీవి చివర దాటేసరికి ఎదురుగా తెల్లటి గోడ. పది నిమిషాల్లో మీద పడుతుంది, అరగంటలో పోతుంది, మళ్ళీ ఎండ. టూరిస్టులు పెద్ద పారల కోసం పాపర్ (నీటి మీద తేలే ఎర) విసురుతుంటారు, రాడ్డు కింద పెట్టమంటే పెట్టరు. కార్బన్ రాడ్డు కరెంటును పట్టే సరుకు. ఉరుము వినబడగానే రాడ్లన్నీ పడుకోబెట్టాలి, మనుషులు బోటు మధ్యలో కిందికి కూర్చోవాలి. ఇదొక్కటే నేను అరిచి చెప్పే మాట.

గేలం_గిరి
కార్బన్ రాడ్డు సంగతి నిజంగా తెలీదు. మా దగ్గర అయిదూ అవే, హోల్డర్లలో నిలబెట్టి ఉన్నాయి.

లెక్కల_మాస్టారు
ఇంకొకటి కూడా. సూచనలో అల ఎత్తు 1.5 మీటర్లు అని ఉంటే అది అన్నిటికంటే పెద్ద అల అనుకుంటారు. కాదు. అలలన్నిటిలో పెద్దవైన మూడో వంతు తీసుకుని వాటి సగటు చెప్తారు. గంటల తరబడి నీళ్ళ మీద ఉంటే దానికి దాదాపు రెట్టింపు అల ఒకటైనా తగులుతుంది. 1.5 అన్నరోజు ఫైబర్ బోటులో ఉన్నవాడు 3 మీటర్ల అలకి సిద్ధపడి ఉండాలి.

వాయుగుండం
మాస్టారు చెప్పింది అందరూ గోడకి రాసుకోండి. పైగా హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్ళు చిన్న పడవల కోసమే 2020 నుంచి వేరే సూచన ఇస్తున్నారు. 7 మీటర్ల వెడల్పు లోపు పడవలకి ఎక్కడ, ఎప్పుడు ప్రమాదమో చెప్తుంది. అల ఒక్కటే కాకుండా ఎంత నిటారుగా లేస్తుంది, గాలి ఎంత త్వరగా పెరుగుతుంది, ఇవన్నీ లెక్కేస్తారు. ఉచితం. చూసేది మాత్రం ఎవరూ లేరు, అందరికీ రంగురంగుల విండీయే కావాలి.

సరంగు_మనవడు
ఇన్‌కాయిస్ చేపల జాడ కూడా ఇస్తాది. నీటి వేడి, పచ్చదనం ఉపగ్రహం నుంచి చూసి ఫలానా చోట చేప ఉండొచ్చు అంటారు. మబ్బు కమ్మితే అది రాదు. మా మామ దాన్ని సగం నమ్ముతాడు. హెచ్చరికని మాత్రం పూర్తిగా నమ్ముతాడు. "గంటకి 45-55, ఒక్కోసారి 65 కిలోమీటర్లు" అని రేడియోలో వచ్చిందంటే ఇంక పడవ దించడు. పక్కోడు దించినా సరే.

తుని_తమ్ముడు
1996 నవంబరు 6 గుర్తుందా ఎవరికైనా? కాకినాడకి దక్షిణంగా తీరం దాటిన తుఫాను. చిన్నదే, కానీ చూస్తుండగానే బలిసింది. వేటలో ఉన్న బోట్లు ఎన్నో తిరిగిరాలేదు. మా ఊళ్ళో మా ఈడు వాళ్ళలో తండ్రిలేని పిల్లలు అలా అయినవాళ్ళే. అప్పట్లో సముద్రం మధ్యకి కబురు పంపే దారి లేదు. ఇప్పుడు చాలా బోట్లకి ట్రాన్స్‌పాండర్లు వచ్చాయి, ఒడ్డు నుంచి సందేశం పోతుంది.

జాలరిపేట_పిల్ల
పెద్ద తుఫానులకి ఇప్పుడు పరవాలేదండీ. హుద్‌హుద్ వైజాగ్ మీదే పడింది, 2014లో. రోజుల ముందు నుంచే చెప్పారు, పడవలన్నీ పైకి లాగేశారు. విరిగినవి విరిగాయి, మనుషులు ఇంట్లో ఉన్నారు. ఇప్పుడు మా వాడలో భయం అలాంటి పేరున్న తుఫానులంటే కాదు. పేపర్లో రాని గాలి, ఇదిగో గిరిగారికి తగిలినట్టు.

గేలం_గిరి
నాకు తగల్లేదమ్మా, అదే కదా గొడవ!

నెత్తళ్ళ_వేపుడు
తగల్లేదని డబ్బు వెనక్కి అడిగే మొదటి మనిషిని చూస్తున్నాం.

డీజిల్_లెక్క
నవ్వండి. లైఫ్ జాకెట్లు ఇచ్చాడా ఆ సరంగు? అది చెప్పు గిరీ.

గేలం_గిరి
రెండున్నాయి. మేం అయిదుగురం.

డీజిల్_లెక్క
చూశారా! గాలి వాసన పసిగట్టే మహానుభావుడు, జాకెట్లు రెండు. వేటకి రిజిస్టరైన బోటులో కిరాయికి మనుషుల్ని ఎక్కించాడు. ఏమన్నా అయితే ఇన్సూరెన్సు వాడు ముఖం చూడడు. సరంగు ముక్కు మీద నాకు నమ్మకం కుదిరింది సరే, ఆ బోటు మీద కుదరదు.

సరంగు_మనవడు
ఇక్కడ డీజిల్ అన్న కరెక్టు. మావాళ్ళు జాకెట్టు వేసుకోరు, వేటలో అడ్డమంటారు. మేము ఇంట్లో రోజూ పోట్లాడతాం. ఈత వచ్చు కదా అంటారు. స్పృహ తప్పినోడికి ఈత ఏటొస్తాది.

ఆయిలు సంగతి మాత్రం తప్పు అన్నా. కిరాయి వేటలో పడిన చేపలో సరంగుకి వాటా ఉంటాది. కోనాం గుంపు మీద ఉన్నప్పుడు తిప్పేస్తే అతనికీ నష్టమే. కిలో కోనాం ధర, అరరోజు ఆయిలు ధర పక్కపక్కన పెట్టి చూడు.

గేలం_గిరి
ఇది నేను ఆలోచించలేదు. ఆ కోనాం తలకాయ, తోక ముక్క అతనే తీసుకున్నాడు.

హ్యూస్టన్_రావు
ఫోను పనిచేసిందా అక్కడ?

గేలం_గిరి
ఒకోసారి ఒక గీత, ఒకోసారి అదీ లేదు.

జంగ్లీఘాట్_బాబు
అయితే ఫోన్ల మీద ఆధారపడొద్దు. ఒడ్డు దగ్గరైతే కోస్ట్‌గార్డ్ 1554, మెరైన్ పోలీస్ 1093. సిగ్నల్ లేనిచోట వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు, 16వ ఛానెల్. ఇంకా లోపలికి పోయేవాళ్ళు ఇస్రో తయారుచేసిన ఆపద ట్రాన్స్‌మిటర్ పెట్టుకుంటారు, మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా పోతుంది. ఎక్కేముందు ఒడ్డున ఒక మనిషికి ఎటు పోతున్నాం, ఎన్నింటికి వస్తాం అని చెప్పండి. ఖర్చులేని పని.

నెత్తళ్ళ_వేపుడు
అంటే "ఎక్కడికీ" అని అడగాల్సిందే. గిరి అత్తగారికి జై.

తుని_తమ్ముడు
కొమ్ముకోనాం తగల్లేదు, సంతోషించండి. 2022లో పరవాడ వైపు ఒకాయనని అది పొడిచి చంపేసింది. గాలం వేసేవాళ్ళకి దాని మీదే మోజు.

లెక్కల_మాస్టారు
అసలు ప్రశ్నకి నా జవాబు. డబ్బు అడగొద్దు. ఈసారికి ముందే మూడు ముక్కలు మాట్లాడుకోండి: తిప్పే హక్కు సరంగుది, ఎన్ని గంటల లోపు తిప్పితే ఎంత తగ్గింపు, మనిషికో జాకెట్టు. నెల కూడా మార్చండి. జూన్, జులైలో మధ్యాహ్నం ఎప్పుడూ జూదమే. ఫిబ్రవరి, మార్చిలో సముద్రం మెత్తగా ఉంటుంది.

డీజిల్_లెక్క
తగ్గింపు అని పెడితే సరంగు తిప్పడానికి వెనకాడతాడు మాస్టారూ. ఆ తగ్గింపు డబ్బు పోతుందని పావుగంట ఆగాడంటే మీ అయిదు నిమిషాల లెక్క ఏమైపోవాలి? తగ్గింపు వద్దు. ఇంకో రోజు ఫ్రీగా సగం రోజు అని పెట్టుకోవాలి.

వాయుగుండం
ఈ థ్రెడ్డులో ఇప్పటిదాకా వచ్చిన తెలివైన మాట ఇదే, అదీ డీజిల్ నోట!

గేలం_గిరి
ఇప్పుడే సరంగుకి ఫోన్ చేశాను. డబ్బివ్వడట. "సగం రోజు బాకీ ఉన్నాను, మాఘమాసంలో రండి, పొద్దున్నే ఎల్లి పదకొండుకల్లా వచ్చేద్దాం" అన్నాడు. జాకెట్లు మనమే తెచ్చుకోవాలి, ఆయిలు సగం మనది.

డీజిల్_లెక్క
కాగితం మీద రాయించావా?

గేలం_గిరి
సరంగు చేత కాగితం రాయించడమా!

డీజిల్_లెక్క
అయితే నా పేరు రాసుకో. నేనొచ్చి రాయిస్తా.

నెత్తళ్ళ_వేపుడు
అవోమిన్ మాత్ర గంట ముందు వేసుకుని రా అన్నా. రావుగారిలా నీకు మేం టిప్పులివ్వలేం.